ఆఖరి దినుసు

మా అత్తగారు నా భార్యను నా ఇంట్లోంచి తీసుకుపోయింది. మళ్లీ పంపలేదు. దీని మీద ఎవరు ఏం సర్దిచెప్పినా నేను వినను. విన్నది చాలు.

నేను కుర్చీలకూ బల్లలకూ బీరువాలకూ పాలిష్ పెట్టేవాణ్ని. చెక్కను ఉప్పు కాగితంతో రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డలో చుట్టిన దూదిముద్దతో పూత మీద పూత ఎక్కించడం నా పని. పల్లెటూరి బడిలో చదివిన నాలుగు ముక్కలు ఆ పనికి ఎక్కువే. మా ఆవిడ ఇంట్లో కూర్చుని దర్జీకి కాజాలు కుట్టేది. మిషను కుట్టిన కాజాకూ ఆవిడ చేతి కాజాకూ ఉన్న తేడా బొత్తాం పెట్టుకునేవాడి వేళ్లకు తెలుస్తుందని దర్జీ అంటూ ఉండేవాడు. పొగడ్త ఉంటే కూలి పెంచక్కర్లేదని వాడికి తెలుసు.

ఆవిడకు చేతుల మీద, మోచేతి మడతల్లో, మెడ వెనక చర్మం ఎర్రగా పొంగేది. పొంగి, రసి కారి, ఎండి, పగిలేది. పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే. కొన్నాళ్లు వచ్చేది, కొన్నాళ్లు పోయేది. దానితో కాపురం మా ఇద్దరికీ అలవాటైంది. ముదురు రంగు దుప్పటి మీద రాలిన పొట్టు కనబడుతుందని తెల్ల దుప్పట్లే వాడేవాళ్లం. ఆవిడ గోళ్లు నేనే కత్తిరించి, నా ఉప్పు కాగితంలో బాగా అరిగిన ముక్కతో అంచులు నున్నగా చేసేవాణ్ని. ఆవిడ గోక్కుంటుంటే ఆ చప్పుడు కూడా ఉప్పు కాగితం చప్పుడులాగే ఉందని ఒకసారి అన్నాను. "మరి ఈపాటికి నున్నగా అయిపోవాలి కదండీ" అని నవ్వింది.

ఆ ఎండాకాలం మాత్రం అది వచ్చింది గానీ పోలేదు.

ఒక పొద్దున దర్జీ తెల్ల చొక్కా ఒకటి మడత విప్పకుండా పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి మడత విప్పి చూపించాడు. కాజా అంచున గోధుమరంగు చుక్క ఉంది. పగిలిన వేలి రక్తం. ఉతికినా పోలేదని, పెళ్లికొడుకు చొక్కా అని మెల్లగానే చెప్పాడు. అరిచినా బాగుండేది. చేతులు తగ్గాక చూద్దాంలే అమ్మా అని, ఇంట్లో ఉన్న మిగతా చొక్కాలు అడిగాడు. ఆవిడే లేచి మూట కట్టి ఇచ్చింది. వాడు ఆవిడ వేళ్లు తగలకుండా మూటను కిందినుంచి పట్టుకున్నాడు. నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది.

కడుపులో జబ్బయితే ఎవడికీ కనబడదు. ఒంటి మీద జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం చూసిన ప్రతివాడూ వైద్యుడే. పుర్రెకో బుద్ధి. పైవాటా ఆవిడ నీళ్ల వల్ల అంది. పాలవాడు సబ్బు వల్ల అన్నాడు. నాకు పనిచ్చే మేస్త్రి రక్తం చెడిందన్నాడు. ఇంటి యజమానురాలు ఇన్ని మాటలు పెట్టుకోకుండా గజ్జి అనేసింది, కుళాయి దగ్గరికి వేరే బక్కెట్టు తెచ్చుకోమంది.

చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. భూతద్దం పెట్టి చూశాడు. ఇది గజ్జి కాదు, అంటుకునేది అసలు కాదన్నాడు. ఆవిడకు ఆ మాట ఒక్కటే చాలుతుందనుకున్నాను. చాల్లేదు. డాక్టరు మందు చీటీ రాస్తుంటే అడిగింది.

"దేనివల్ల వచ్చిందండీ?"

"చెప్పలేమమ్మా. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదు. అనుమానం ఉన్నది ఒకటి తీసేసి చూడండి. తగ్గితే దాన్నే మళ్లీ పెట్టి చూడండి. మళ్లీ వచ్చిందా, కారణం అదే. రాలేదా, అది కాదు. తీసేయడం సగం పనే. మళ్లీ పెట్టి చూడటం మిగతా సగం."

"ఏది తీసినా తగ్గకపోతే?"

"అలాంటివాళ్లూ ఉంటారు. కారణమంటూ ఉండదు. వాళ్ల ఒళ్లే అంత."

ఇంటి సందు మలుపు తిరిగాక, ఒళ్లే అంత అంటాడేమిటండీ, దేనికైనా ఓ కారణం ఉండదా అంది. ఉండి తీరాలన్నాను. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు వచ్చింది మా అత్తగారు. పై ఊళ్లో చదువుకునే పిల్లల హాస్టల్లో వంట మనిషి. ఎండలకు హాస్టలు మూసేశారు. పెట్టె పట్టుకుని దిగింది. కూతురి చేతులు తిప్పి తిప్పి చూసి, ఏడవలేదు, కొంగు నడుముకు దోపింది.

ఆమె పద్ధతి గురించి చెప్పాలి. వందల మందికి వండే చెయ్యి ఆమెది. కూర రుచి తేడా కొడితే నాలుక మీద వేసుకుని ఇదీ సంగతని చెప్పే రకం కాదు. మర్నాడు ఒక దినుసు మానేసి వండేది. అప్పటికీ తేడా ఉంటే ఆ మర్నాడు ఇంకొకటి మానేది. తేడా పోయేదాకా అంతే. ఏ దినుసు తీశాక తేడా పోయిందో ఆ దినుసు డబ్బాతో సహా పెంటలోకి వెళ్లేది, దాన్ని అమ్మిన కొట్టువాడికి ఇక ఆ హాస్టలు గుమ్మం ఉండేది కాదు. ఆ పద్ధతితో తన చేతి కింద ఒక్క కూర కూడా రెండోసారి చెడలేదని చెప్పుకునేది. అది నిజమే కావచ్చు. కూరకు ఒళ్లు లేదు.

సబ్బుతో మొదలుపెట్టింది. సబ్బు పోయింది. తలనూనె పోయింది. గుడ్లు పోయాయి, వంకాయ పోయింది, వెల్లుల్లి పోయింది. కిటికీ తెరలు పోయాయి. ఉన్ని దుప్పటి పోయింది. మా ఆవిడ చేతిలో నుంచి సూదిదారాల డబ్బా పోయింది, రంగుదారాల వల్లేమోనని. మా ఆవిడ పెంచుకున్న బూడిదరంగు పిల్లిని సంచిలో వేసి చేపలమ్మే ఆమెకు ఇచ్చేసి వచ్చింది. "దానికేం, దాని పంట పండింది" అంది నాతో. ఆ సాయంత్రం మా ఆవిడ గిన్నెలో పాలు పోసుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లి, గుర్తొచ్చి, ఆ పాలు తనే తాగేసి లోపలికి వచ్చింది. మర్నాటి నుంచి పాలు కూడా పోయాయి.

ఏదీ తగ్గించలేదు. ఒకటి తీసిన రెండురోజులు కాస్త ఎండినట్టు కనబడేది. ఇద్దరూ కిటికీ దగ్గర వెలుగులో చెయ్యి పెట్టుకుని చూసేవాళ్లు. ఎండిందమ్మా, ఎండిందే అనుకునేవాళ్లు. మూడోనాడు మామూలే. డాక్టరు మళ్లీ పెట్టి చూడమన్నాడు కదా, ఆ పిల్లినైనా తెచ్చి చూద్దామని నేనన్నాను. పోయిన శనిని పిలిచి తెచ్చుకోవడమెందుకంది మా అత్తగారు.

కంచంలోకి అన్నమూ ఉప్పూ మిగిలాయి. ఒక మధ్యాహ్నం ముగ్గురం తింటున్నాం. ఆ బోసి గది చూసి నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకింకా నవ్వొచ్చేది.

"ఇక ఇంట్లో గోడలూ నేనూ మిగిలాం అత్తయ్యా" అన్నాను.

మా అత్తగారు ముద్ద కలపడం ఆపి నన్ను చూసింది. నా చొక్కా చూసింది. నా గోళ్లలో నల్లగా ఎండిన లక్క చూసింది.

"గోడలు కాదులెండి, అల్లుడుగారూ" అంది.

మా ఆవిడ తల ఎత్తలేదు. అన్నం మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుంటూ ఉంది.

స్పిరిటు వాసన, లక్క, చెక్కపొడి నా ఒంటి మీద ఉంటాయి, నిజమే. కాదనడానికి నా దగ్గర ఏముంది? పనిచేసే కొట్లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాను. చాలదంది. కొట్లోనే పడుకోవడం మొదలుపెట్టాను, పాలిష్ ఆరని బీరువాల మధ్య. ఎవరి పెళ్లికో చేస్తున్న మంచం పక్కన నేల మీద చాప వేసుకునేవాణ్ని. మేస్త్రి చూసి, అత్తగారు ఇంటికొస్తే అల్లుడు వీధిన పడటం మా వంశంలో కూడా ఉందిలే అన్నాడు. పొద్దున్నే మా వీధిలోకి వెళ్లి, గుమ్మానికి అవతల నిలబడి ఎలా ఉందని అడిగేవాణ్ని. నా ఇంటి గుమ్మానికి అవతల.

హాస్టలు తెరిచే రోజు దగ్గరపడింది. ఈ ఇంటి గోడలకే ఆ వాసన పట్టిందని, కూతుర్ని తనతో తీసుకుపోతానని మా అత్తగారు చెప్పింది. అడగలేదు, చెప్పింది. నేను మా ఆవిడ వైపు చూశాను. కొన్నాళ్లే కదండీ అంది ఆవిడ. బస్సెక్కేటప్పుడు సామాను అందిస్తుంటే నా చెయ్యి తగలకుండా పెట్టెను కిందినుంచి పట్టుకుంది. దర్జీ పట్టుకున్నట్టే.

తగ్గింది. అది నేను దాచను. సెలవు రోజు చూసుకుని ఆ ఊరు వెళ్లాను. మా అత్తగారు నాకు పెరట్లో, గాలి ఇంటి వైపు నుంచి నా వైపు వీచే చోట కుర్చీ వేసింది. మా ఆవిడ వరండాలో నిలబడి రెండు చేతులూ చాపి చూపించింది, ఇటూ అటూ తిప్పింది. చిన్నపిల్ల కొత్త గౌను చూపించినట్టుంది. అంత నునుపు నేను ఏ బల్ల మీదా తేలేదు. ఆవిడ ముఖంలో అంత సంతోషం నేను నా ఇంట్లో చూడలేదు. ఆ సంతోషం నేను లేకపోవడం వల్ల వచ్చింది. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

తీసేసి చూశారు, తగ్గింది, సరే, ఇక మళ్లీ పెట్టి చూడండన్నాను. అది కూడా డాక్టరు మాటే కదా. నాలుగు రోజులు నన్ను ఇక్కడ ఉండనివ్వండి. మళ్లీ వస్తే నేనే పోతాను.

"కుదిరిన కూరలో మళ్లీ అదే వేసి చెడగొట్టుకుంటామా?" అంది మా అత్తగారు.

మా ఆవిడ తన చేతులు చూసుకుంటూ ఉంది. నా తరపున ఒక్క మాట వస్తుందని చూశాను. రాలేదు.

బస్సు దిగి నేరుగా కొట్టుకెళ్లి పని మానేస్తున్నానన్నాను. మేస్త్రి కోప్పడలేదు. ఎక్కడ చేరతావని అడిగాడు. ఐసు ఫ్యాక్టరీలో అన్నాను. ఐసుకు వాసన లేదు, రంగు లేదు, పొడి లేదు. చాలా ఆలోచించి ఎంచుకున్నాను.

"ఐసుకేం పాలిష్ పెడతావురా" అన్నాడు. అని, లోపలికి వెళ్లిపోయాడు.

ఐసు అచ్చులు ఉప్పునీళ్ల తొట్లలో దించుతారు. గడ్డ కట్టాక పైకి లాగి, బండలు బయటికి తీసి, కొక్కేలతో బండి దాకా ఈడ్చాలి. రోజంతా చేతులు ఆ నీళ్లలోనే. కొన్నాళ్లకే నా వేళ్ల సందులు పగిలాయి. అరచేతుల్లో పొట్టు లేచింది. గోక్కుంటే హాయిగా ఉండేది, ఆపితే మంట. ఆవిడ ఇన్నేళ్లూ పడ్డది ఇదా అనుకున్నాను. కానీ నా చేతులు దేనివల్ల పగిలాయో నాకు తెలుసు. ఆ సుఖం నాకుంది.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, సరుకు లారీ మీద మా ఊరి మీదుగా వెళ్లేవాడు. ఆగినప్పుడల్లా అడిగేవాణ్ని. బాగుంది బావా, బాగుంది అనేవాడు. ఇప్పుడే రావద్దంది అమ్మ, వాసన పూర్తిగా పోనీయమంది అనేవాడు. వాడు నా కళ్లలోకి చూసేవాడు కాదు. లారీ తోలేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

గోళ్లలో లక్క పూర్తిగా పోయింది. కొత్త గోరు తెల్లగా వచ్చింది. కొత్త చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. మా ఆవిణ్ని తీసుకుని ఆ సాయంత్రం బస్సుకే తిరిగి రావాలని. తెల్ల దుప్పటి ఉతికి మంచం మీద పరిచి మరీ వెళ్లాను.

మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెప్పకుండా వచ్చారేం అంది. పాలిష్ మానేశానని చెప్పి రెండు చేతులూ చాపాను, గోళ్లు చూసుకోమని. చూసింది. ఆమెకు సంతోషం కలుగుతుందనుకున్నాను. ముఖం వాడిపోయింది. అది ఇప్పుడే పడుకుంది నాయనా, రేపు రాకూడదూ అంది. ఆమె నన్ను నాయనా అనడం అదే మొదటిసారి.

లోపల్నుంచి చప్పుడు వినబడింది. ఎండిన చెక్క మీద గరుకు కాగితం చప్పుడు. నా చెవికి అది కొత్త కాదు. ఆమెను తప్పించుకుని లోపలికి వెళ్లాను.

మా ఆవిడ తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. చేతులకు తెల్ల సాక్సులు తొడిగి మణికట్టు దగ్గర తాడుతో కట్టి ఉన్నాయి. మెడను తలుపు చెక్క అంచుకు వేసి రుద్దుకుంటోంది. ఎప్పుడూ లేనిది, ముఖానికి కూడా పాకింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి రుద్దుకోవడం ఆపింది.

ఎప్పటి నుంచి అని అడిగాను. వెనక నుంచి మా అత్తగారు, మీరు వచ్చి వెళ్లిన వారానికే మొదలైందని చెప్పింది. నాకెందుకు చెప్పలేదంటే, అదే చెప్పొద్దందని చెప్పి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను నేల మీద కూర్చున్నాను.

"ఇంటికి పోదాం. నా వల్ల కాదని తేలిందిగా" అన్నాను.

"తేలలేదు."

"నేనిక్కడ లేను. పాలిష్ కూడా మానేశాను. ఇంకేం తేలాలి?"

"మీ చొక్కా ఒకటి నా పెట్టెలో వచ్చింది. దానివల్లేమో."

"వచ్చిందా, తెచ్చుకున్నావా?"

సాక్సు తొడిగిన చేత్తో కనురెప్ప తుడుచుకుంది. వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు.

"అన్నీ తీసేశాం కదండీ. మీరొక్కరే మిగిలారు. మీరు కూడా కాదంటే ఇంక తీయడానికి ఏముంది, నేనే కదా."

నేను ఆవిడ మణికట్టు మీది తాడు ముడి చూస్తూ కూర్చున్నాను.

"మీ వల్లే అని ఉండనివ్వండి. మీరు దూరంగా ఉంటే ఎప్పటికైనా తగ్గుతుందని ఉంటుంది" అంది. మళ్లీ, మీకేం పోతుంది అంది.

ఉప్పునీళ్లకు పగిలిన చేతులు వెనక్కి పెట్టుకున్నాను. కాపురం పోతుందని ఆవిడకు చెప్పాలా? లేచాను. మా అత్తగారు అన్నం తిని వెళ్లమంది. బస్సు ఉందని చెప్పాను. అప్పుడు బస్సు లేదు. ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

తుఫాను వానలు మొదలయ్యాక ఆవిడకు జ్వరం తగిలింది. ఆసుపత్రిలో చేర్చారు. నాకు కబురు పెట్టలేదు. పెట్టేసరికి అంతా అయిపోయింది. పుండ్లలోంచి విషం రక్తంలోకి ఎక్కిందని ఒకరన్నారు. కాదు, ఊపిరితిత్తుల్లో నెమ్ము అని ఒకరన్నారు. వానలో తడవడం వల్ల, మందుల వేడి వల్ల, తిండి లేకపోవడం వల్ల. అక్కడ కూడా తలకో కారణం. నేను అడగలేదు. నేనడిగింది ఒక్కటే, అదీ మా అత్తగారిని. ముందే ఎందుకు పిలవలేదు?

"మీరొస్తే ఎక్కువవుతుందేమో అనుకున్నాం" అంది.

ఆ మాట ఏడుస్తూనే అంది. అబద్ధమాడుతున్నట్టు లేదు. నేను దగ్గర లేకుండానే తిరగబెట్టిందని కళ్లారా చూసిన మనిషి, ఆఖరి రోజున కూడా నన్ను ఆ కూరలో వేయలేదు. దీన్ని క్షమించమని మా బావమరిది నన్ను అడిగాడు. వాడితో కూడా నాకు మాటల్లేవు.

ఐసు పని మానేశాను. పాలిష్ పనికి తిరిగి వెళ్లాను. మేస్త్రి ఏమీ అడగలేదు. ఉప్పు కాగితం మాత్రం ఇంకొకరికి ఇచ్చి, నాకు పూత పని ఇచ్చాడు.

తర్వాత ఒకసారి మా అత్తగారు నా ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మానికి అవతల నిలబడే మాట్లాడింది. మీ వల్లే అని మీవైపూ మావైపూ అంతా అనుకుంటున్నారు నాయనా, అది నేనే మోపిన నింద, నేనే దించుతాను, మీ వల్ల కాదని నలుగురికీ నా నోటితో చెప్పేస్తాను, నా మనసు కుదుటపడుతుంది అంది.

"చెప్పొద్దు" అన్నాను.

"అదేంటి నాయనా?"

"నా వల్లే. అలాగే ఉండనివ్వండి. ఇక ఈ గుమ్మం తొక్కకండి."

తలుపు వేశాను. ఆమె మనసు కుదుటపడటం నాకక్కర్లేదు. మా ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. అడిగి నాకు చేసిన అన్యాయం కూడా అదే. రెండూ నా దగ్గరే ఉంటాయి.

ఇప్పటికీ కొట్టుకొచ్చినవాళ్లు ఎవరో ఒకరు, పాపం మీ ఆవిడకు అది దేనివల్ల వచ్చిందయ్యా అంటారు. నా పాలిష్ వల్ల అంటాను. వాళ్లు నా చేతుల వైపు చూసి కొంచెం జరుగుతారు. జరగనీ. ఇంత వివరంగా చెప్పడం ఇదే మొదలు. ఇదే ఆఖరు. ఇక ఎవరూ అడగొద్దు. అడిగినా నేను చెప్పను.